ధ్రువీకరణ కాని చిరుతపులి

పూర్వం ఏ సంగతైనా ముందు జరిగేది, తర్వాత నలుగురికీ తెలిసేది. ఈ వెనకబాటుతనాన్ని డిజిటల్ యుగం సరిదిద్దింది. ఇప్పుడు ఏ సంగతైనా ముందు ఫోన్లో తెలియాలి. ఆ తర్వాత, వీలునుబట్టి, జరగవచ్చు.

ఉదయగిరి కొండ కింద మేకలు మేపుకునే పోలేరమ్మకు ఈ మార్పు గురించి ఎవరూ చెప్పలేదు. అందుకని, తెల్లారగట్ల తన చూలుమేకను చిరుతపులి ఈడ్చుకుపోయిన రోజున, పాతకాలపు మనిషిలా ఆమె తిన్నగా బస్సెక్కి ఆత్మకూరులోని వన్యమృగ వార్తల ధ్రువీకరణ విభాగానికి వెళ్లింది. పుట్టగానే తల్లి చస్తే ఆ మేకను ఒళ్లో పెట్టుకుని పాలు పట్టి పెంచిందామె. దారిపొడవునా కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ధ్రువీకరణాధికారి చంద్రమోహన్ మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. ఫోన్ తీసి చాలాసేపు పైకీ కిందికీ జరిపాడు.

"మా గ్రూపుల్లో ఏమీ రాలేదే అమ్మా?"

"గ్రూపుల్లోకి ఎందుకొస్తది సార్, మా దొడ్లోకి వచ్చింది. గొంతు పట్టుకోని ఈడ్చకపోయింది. నేను కట్టె తీసుకోని ఎంటబడినాను. నా తట్టు ఒకసారి చూసి, మెల్లంగా నడుచుకుంటా పోయింది."

"వీడియో తీశావా?"

"చేతిలో కట్టె ఉండాది సార్."

చంద్రమోహన్ జాలిగా తలాడించాడు. వీడియో లేని చిరుతను శాఖలో 'అభిప్రాయం' అంటారని, అభిప్రాయాలను పట్టడానికి బోను ఇచ్చే అధికారం తనకు లేదని ఓపిగ్గా వివరించాడు.

ఆ వారంలోనే ఆత్మకూరు బస్టాండులో చిరుత కనిపించింది. అంటే, జయపాల్ ఛానల్లో కనిపించింది. జయపాల్ ఫోటో స్టూడియో మూసేసి యూట్యూబ్ ఛానల్ తెరిచిన విలేకరి (కెమెరామన్, యాంకర్, సంపాదకుడు, తప్పు జరిగితే చింతిస్తున్నామని చెప్పేవాడు, అందరూ అతనే). అతను ఫోన్లో ఒక యాప్‌ను అడగ్గా, అది చిరుతను తయారుచేసి ఉదయగిరి బస్సు పక్కన నిలబెట్టింది. చిరుత చాలా అందంగా వచ్చింది. కాళ్లు మాత్రం ఐదు వచ్చాయి. కంగారులో ఎవరూ లెక్కపెట్టలేదు.

యంత్రాంగం కదిలింది. బస్టాండుకు బోను వచ్చింది, డ్రోన్ వచ్చింది, ఎరగా కట్టడానికి మేక వచ్చింది. సంగం వెళ్లే ఆటోలు పట్టపగలు కూడా లైట్లు వేసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. బోనులో నీడ బాగుందని కలిగిరి ప్రయాణికుడొకడు నడుం వాల్చగా తలుపు పడిపోయింది. అతణ్ణి విడిపించే దృశ్యాన్ని జయపాల్ ప్రత్యక్ష ప్రసారం చేశాడు. (ఆ మనిషి ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోవడం కూడా అందులో చూడవచ్చు.)

పోలేరమ్మ మళ్లీ వచ్చింది.

"సార్, ఇంకో మేక పోయింది. ఈడ బోను ఊరికే ఉండాది గదా, మాకు ఈండి."

"ఎట్లా ఇస్తానమ్మా? ఇక్కడి చిరుతను లక్షమంది చూశారు. మీ చిరుతను ఎవరు చూశారు?"

"నేను చూసినాను."

"అదేనమ్మా సమస్య. నువ్వు ఒక్కదానివే."

ఇంతలో అనుమసముద్రంపేటలోని పోటీ ఛానల్ వాళ్లు చిరుత కాళ్లు లెక్కపెట్టి లోకానికి చాటారు. విభాగం తలదించుకుంది. తలదించుకున్న శాఖలు సాధారణంగా ఉత్తర్వులు రాస్తాయి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో చిరుత లేదని, ఇకపై కనిపించినా లేనట్టుగానే పరిగణించాలని ఉత్తర్వు వెలువడింది. బోను లారీ ఎక్కింది. తన వార్త అబద్ధమన్న వార్తను కూడా అందరికంటే ముందు జయపాలే వేశాడు. దానికి జనం ఇంకా ఎక్కువ వచ్చారు.

ఒక సాయంత్రం చిరుత మళ్లీ దొడ్డి గోడెక్కింది. ఈసారి పోలేరమ్మ కోడలు గోపిక, బిడ్డను చంకనేసుకుని, కిటికీలోంచి వీడియో తీసింది. ఫోను అటూ ఇటూ ఊగింది. బిడ్డ ఏడ్చింది. అయినా అది చిరుతేనని తెలిసేటట్టు పడింది. అత్తాకోడళ్లు దాన్ని విభాగానికి పంపారు. విభాగం దాన్ని యంత్రం చేత పరీక్ష చేయించింది. బొమ్మ మసకగా ఉన్నందున, చిరుత కెమెరా వైపు చూడనందున, ఇది కృత్రిమ సృష్టి అని యంత్రం తేల్చింది. వదంతులు వ్యాపింపజేస్తే చర్య తప్పదని గోపిక ఫోనుకు సందేశం వచ్చింది.

"అత్తా, నన్ను జైల్లో ఏస్తారంట!" అని గోపిక బావురుమంది.

పోలేరమ్మ ఆ ఫోన్ పట్టుకుని జయపాల్ దగ్గరికి పోయింది.

"అబ్బయా, లేని పులిని చూపిచ్చినావు. ఉన్నదాన్ని కూడా ఒకసారి చూపియ్యి."

జయపాల్ వీడియో చూశాడు. నిజమైనదని అతనికి తెలిసిపోయింది. ముఖం పాలిపోయింది కూడా. కానీ అతను వృత్తి ధర్మం తెలిసినవాడు.

"అవ్వా, చిరుతకి ఇప్పుడు గిరాకీ లేదు. చూసి చూసి జనానికి మొహం మొత్తింది. ఏనుగేమన్నా వస్తే ఫోన్ చెయ్యి."

పోలేరమ్మ ఇంకెవరినీ అడగలేదు. కొన్నాళ్లు మేకల్ని ఇంట్లోకి తోలుకుని వాటి మధ్యే పడుకుంది. మేతకు పంపలేక, ఇంట్లో పెట్టుకోలేక, చివరికి మిగిలినవాటిని జలదంకి బేరగాడికి తోలేసింది. అవి వ్యాన్లోంచి అరుస్తుంటే చెవులు మూసుకుని ఇంట్లోకి పోయింది.

ఆ ఊరినుంచి ఫిర్యాదులు ఆగిపోయాయి. విభాగం ఈ ప్రగతిని గుర్తించి, ఆ ఊరిని 'వదంతి రహిత గ్రామం'గా ప్రకటించింది. చంద్రమోహన్ జ్ఞాపికతో స్వయంగా వచ్చాడు. జయపాల్ కెమెరాతో వచ్చాడు. ఊరి తరఫున నాలుగు మాటలు చెప్పమని పోలేరమ్మ చేతికి మైకు ఇచ్చారు.

"మా ఊర్లో చిరుత లేదు సార్," అందామె. "మేకలూ లేవు."

చప్పట్లు మోగాయి.

కాఫీ తాగి పొమ్మని గోపిక గ్లాసు అందించింది. చంద్రమోహన్ ఆకాశం వైపు చూసి, వద్దంటూ గబగబా జీపెక్కాడు.

"పొద్దుగూకేలోపు కొండ మలుపు దాటాలమ్మా. అక్కడ తిరుగుతా ఉందంట."

"ఏది సార్?" అని అడిగింది పోలేరమ్మ.

చంద్రమోహన్ జీపు అద్దం పైకి ఎత్తేశాడు.