గజలక్ష్మమ్మ సన్మాన పత్రం

ఒక పెద్ద అడవిలో అన్నిటికీ సంఘాలున్నట్టే సన్మానాలకీ ఒక సంఘం ఉండేది. దాని అధ్యక్షుడు అడవిదున్న భూషణం. ఎవరికి శాలువా కప్పినా అందరూ తననే చూస్తున్నారనుకునే రకం. కార్యదర్శి కొండముచ్చు చెంగయ్య. పని సగం చేసి, పూర్తయిందని కబురు పంపడంలో అతన్ని మించినవాడు లేడు.

సన్మాన పత్రాలు రాసేది మాత్రం ముళ్ళపంది సూరప్ప. ఆయన పద్ధతి సంఘానికి మొదట్నించీ చిరాకే. సన్మానం ఎవరికో తెలియగానే వెళ్ళి వాళ్ళ గుమ్మంలో పది రోజులు కూర్చునేవాడు. వాళ్ళని అడిగేవాడు, వాళ్ళ చుట్టాలని అడిగేవాడు, వాళ్ళంటే గిట్టనివాళ్ళని ఇంకాస్త ఎక్కువసేపు అడిగేవాడు. ఆ తర్వాత తన వీపు మీది ముల్లు ఒకటి పీక్కుని టేకాకు మీద రాసేవాడు. ఒకరికి వాడిన ముల్లుతో ఇంకొకరికి రాసేవాడు కాదు. అలా రాసి రాసి వీపు సగం బోసిపోయింది పాపం.

ఆ ఏడు సన్మానం ఏనుగు గజలక్ష్మమ్మకి. నలభై ఏళ్ళు మందని నడిపిన ముసలావిడ. సూరప్ప వెళ్ళి కూర్చున్నాడు. ఎనిమిది రోజులు ఆవిడ వానల గురించీ, వెదురు రుచి గురించీ చెప్పింది. తొమ్మిదో రోజున గొంతు తగ్గించింది.

"కరువు ఏడాది ఏరు ఎండిపోయింది కదా నాయనా. కాలితో ఇసుక తవ్వితే కాసిని నీళ్ళు ఊరాయి. జింక పిల్లలు నాలుకలు వేలాడేసుకుని నిలబడ్డాయి. ముందు వాటిని తాగనిచ్చాను. మళ్ళీ నీళ్ళు ఊరేలోపు నా గున్న పోయింది. నేను చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలీదు. శాలువాలు నాకెందుకు గానీ, ఒక్కసారి నలుగురిలో దాని పేరు వినిపిస్తే చాలు. చిట్టెమ్మ అని పిలిచేదాన్ని."

సూరప్ప కళ్ళు తుడుచుకున్నాడు.

పదో రోజున చెంగయ్య కొమ్మల మీంచి దూకుతూ వచ్చాడు. "సూరప్ప మావా, ఇక నీకు శ్రమ లేదు! తూర్పు కొండ గుహ మాట్లాడుతోంది. పేరు చెప్పి రాయమంటే చాలు, గుక్క తిప్పుకోకుండా పత్రం చెప్పేస్తోంది. అబ్బ, ఏం భాష!"

"నాకూ తెలుసురా. మాట తట్టనప్పుడు నేనూ వెళ్ళి అడుగుతుంటాను. ఒకటి అడిగితే నాలుగు అందిస్తుంది, మంచిదే. కానీ అది ఎప్పుడో విన్నవాటినే కలిపి చెబుతుంది. ఇన్నేళ్ళూ ఆ గుహ ముందు మనం పెట్టినవి ఏ సభలో గుర్తుందా?"

"చల్లగా ఉంటుందని సంతాప సభలన్నీ అక్కడే పెట్టాం. అయితే ఏంటట?"

సూరప్ప జవాబు చెప్పేలోపే చెంగయ్య రెండు చెట్లు దాటేశాడు.

ఆ సాయంత్రమే పత్రం భూషణం చేతికొచ్చింది. "పది రోజుల పని పది నిమిషాల్లోనా! చదివి చూశావా?" అన్నాడు భూషణం.

"ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసుకొచ్చానండి," అన్నాడు చెంగయ్య.

అడిగినదానికి అది జవాబు కాదని భూషణానికి తట్టలేదు. తనూ చదవలేదు. వేదిక మీద ఎలాగూ చదవాలి కదా, రెండుసార్లు ఎందుకనుకున్నాడు.

సూరప్పని ఇక రావద్దన్నారు. అయినా ఆయన ముల్లు పీక్కున్నాడు. చిట్టెమ్మ మాట విన్నాక రాయకుండా ఉండటం ఆయన వల్ల కాలేదు.

సన్మానం రోజున అడవి అడవంతా వచ్చింది. గజలక్ష్మమ్మ పూలదండతో, చెవులు ముందుకు పెట్టుకుని నిలబడింది. భూషణం గొంతు సవరించుకున్నాడు.

"గజలక్ష్మమ్మ గారు సౌమ్యులు, స్నేహశీలి."

చప్పట్లు.

"ఆమె సేవలు మరువలేనివి."

చప్పట్లు.

"ఆమె లేని లోటు ఈ అడవికి తీరనిది."

అలవాటు మీద మళ్ళీ చప్పట్లు.

"ఆమె ఆత్మకు శాంతి కలగాలని కోరుతూ, అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా ప్రార్థన."

అందరూ లేచారు. తలలు వంచారు. మర్యాద తెలిసిన గజలక్ష్మమ్మ కూడా తల వంచింది. కాసేపటికి పక్కనున్న కుందేలుని మెల్లగా అడిగింది. "ఎవరమ్మా పోయింది?"

కుందేలు నీళ్ళు నమిలింది. "తమరేనండీ."

నవ్వొచ్చే సంగతే. కానీ ఆవిడ మొహం చూసినవాళ్ళకి నవ్వు రాలేదు. పత్రం అయిపోయింది, చిట్టెమ్మ పేరు ఎక్కడా రాలేదు. ఆవిడ చెవులు వెనక్కి వాలిపోయాయి.

అప్పుడు వెనక వరసలోంచి సూరప్ప టేకాకు పట్టుకుని ముందుకొచ్చాడు. "కార్యక్రమంలో ఇది లేదే!" అన్నాడు భూషణం. సూరప్ప వినిపించుకోలేదు. కరువు ఏడాది, ఇసుక చెలమ, చిట్టెమ్మ. ఉన్నది ఉన్నట్టు చదివాడు. అంతా కలిపి ఏడు వాక్యాలు.

మూలనున్న ఒక ముసలి జింక లేచి నిలబడింది. తర్వాత ఇంకొకటి. ఆ కరువులో ఆ నీళ్ళు తాగి బతికినవన్నీ ఒక్కొక్కటే లేచాయి. ఈసారి లేవమని ఎవరూ ప్రార్థించలేదు. గజలక్ష్మమ్మ వాటిని చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చాక మనసు తేలికపడినట్టుంది, గుహ పత్రాన్ని తొండంతో అందుకుని, నమిలి మింగేసింది. సూరప్ప రాసినదాన్ని మాత్రం జాగ్రత్తగా చుట్టి ఇంటికి పట్టుకెళ్ళింది.

మర్నాడు సంఘం అత్యవసరంగా సమావేశమైంది. సంజాయిషీ చెప్పమని సూరప్పనీ పిలిపించారు.

"తప్పంతా గుహదేనండీ," అన్నాడు చెంగయ్య.

"చిట్టెమ్మ సంగతి దానికి నువ్వు చెప్పావా?" అన్నాడు సూరప్ప.

"నాకు తెలిస్తేగా!"

"నువ్వు అడిగితేగా తెలిసేది."

భూషణం కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి తీర్పు చెప్పాడు. "పత్రంలో భాష బాగుంది, భావం బాగుంది, అందరూ చప్పట్లు కొట్టారు. కాబట్టి పత్రంలో దోషం లేదు. ఆవిడ బతికి ఉండటమే చిక్కు తెచ్చింది. ఇకమీదట సన్మానం కోరేవారు ముందు కాలం చేసి, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టుకోవాలి."

తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు. దాన్ని మంచి భాషలో రాయించుకు రావడానికి చెంగయ్య అప్పుడే గుహ వైపు పరిగెత్తాడు.

నీతి: పత్రం సరిపోకపోతే, దానికి సరిపోయేలా మనిషిని సరిచేసుకోవడమే సంఘ మర్యాద.