ఆషాఢానికి పుట్టింటికెళ్ళిన కోళ్ళు

మంచి వార్త ఫోనులో వచ్చింది. మంత్రిగారు తమ మండలాన్ని 'సంపూర్ణ కోడి రక్షణ మండలం'గా ఎంపిక చేశారట. ఎంపీపీ ఆనందరావుగారు చేతిలోని రిసీవరు పెట్టేయకుండానే, ఏ రాష్ట్రంలోనూ ఏ కోడికీ దక్కని గౌరవం తమ కోళ్ళకు దక్కిందని ప్రకటించారు. మర్నాడే టీకా మహోత్సవం.

ఆయన ముఖ్య అనుచరుడు నాగసతీష్ ఇంటికి పరుగెత్తాడు. కొత్తగా పెళ్ళయినవాడు. ఏ వార్తయినా ముందు భార్యకు చెబితే తప్ప అతనికి వార్తలా ఉండదు. విజయదుర్గ పెరట్లో, సారెతో పాటు తెచ్చుకున్న కోళ్ళను పేరు పేరునా పిలిచి నూకలు చల్లుతోంది. అవి ఈమధ్యే జబ్బుచేసి లేచాయి.

"వీటికి రేపు వద్దండి," అంది వార్త వినగానే. "ఒంట్లో సత్తువ లేనప్పుడు టీకా వేసినా పట్టదంట. ముందు కోలుకోనివ్వమని పశువుల డాక్టరు కరుణగారు చెప్పేరు."

"మరి సారుకేం చెప్పను?"

"ఆషాఢం వచ్చేసింది కదండీ. కొత్తకోడలు పుట్టింటికెళ్ళాలి. ఇవీ కొత్తగా అత్తారింటికొచ్చినవే."

ఆచారానికి ఆనందరావుగారు అడ్డురాలేదు. "ఆయ్, పంపెయ్యవయ్యా," అన్నారు. విజయదుర్గ కోళ్ళ గంపతో సహా పుట్టింటి ఊరు మురమళ్ళకి బస్సెక్కింది.

మండలంలోని మిగతా కోళ్ళు పొద్దున్నే పందిట్లోకి వచ్చేశాయి. వాటిలోనూ సగం జబ్బుచేసి లేచినవే. అమలాపురం నుంచి ఫోటోగ్రాఫరు రావాలి. బ్యాండు మోగుతోంది. ఉక్కకు గంపల్లో కోళ్ళు నోళ్ళు తెరిచాయి. నీళ్ళు పెడితే ఫోటోలో బురద పడుతుందని పెట్టలేదు.

"వీటికిప్పుడు వేసి లాభం లేదండి," అంది డాక్టరు కరుణ. "టీకా అంటే రోగంతో ఎలా పోరాడాలో ఒంటికిచ్చే శిక్షణ. నేర్చుకునే ఓపిక వీటికి లేదు."

ఆనందరావుగారు జాలిగా నవ్వారు. "మొన్న నిరుద్యోగ యువతకి శిక్షణ పెట్టేం. ఒక్కడూ రాలేదు. సర్టిఫికెట్లు ఇవ్వలేదేంటండీ?"

పార్టీ కార్యవర్గమంతా కలిసి ఒక కోడిని పట్టుకోగా, ఆయన తొలి సూది వేశారు. ఫోటో పేపర్లో పడింది.

కొన్నాళ్ళకు తెగులు రానే వచ్చింది. పందిట్లో టీకా పొందిన కోళ్ళు వరసగా మెడలు వాల్చేశాయి.

"టీకా వేసినా జబ్బు పడ్డాయంటే, అవి మన పార్టీ కోళ్ళు కావయ్యా," అని ఆనందరావుగారు గుండె దిటవు చేసుకున్నారు.

ఆషాఢం వెళ్ళింది. విజయదుర్గ బస్సు దిగింది. గంపలో కోళ్ళు నిగనిగలాడుతున్నాయి. పుట్టింట్లో బాగా తిని, కోలుకుని, అక్కడికే వచ్చిన కరుణగారి చేత టీకా వేయించుకున్నాయి. తిరిగొచ్చాక, ఊళ్ళో ఇంకా తగ్గని తెగులు వాటినేమీ చేయలేకపోయింది.

"అన్నిటికీ పేర్లు పెట్టేవు. నా పేరు పెట్టలేదేం?" అన్నాడు నాగసతీష్.

"పుంజుకి పెట్టేనండి. పిలిస్తే పలకదు."

అతను ఆ ఆనందంలో ఉండగానే ఆనందరావుగారి జీపు వచ్చి వాకిట్లో ఆగింది.

"సతీషూ, మండలంలో లేచి తిరిగే కోళ్ళు మీ ఇంట్లోనే ఉన్నాయంట కదా! రేపు మంత్రిగారు వస్తున్నారు. పథకం విజయవంతమైందని జనానికి రుజువు చెయ్యాలి."

విజయదుర్గ పొంగిపోయింది. "మా కోళ్ళకి సన్మానమాండీ?"

"ఆయ్, మరేంటమ్మా! రేపు పొద్దున్న శాలువాలు కప్పుతారు. మధ్యాహ్నం టీవీల ముందు మంత్రిగారు స్వయంగా వీటినే భోంచేస్తారు. మసాలా మాత్రం తక్కువెయ్యమ్మా, ఆయనకి పడదు."