పసుపు జట్టుకు పట్టిన శని

ఆ శనివారం ఉదయం అప్పన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్నెండింటికల్లా భోజనం ముగించడం, ఒక గ్లాసు కాఫీ తాగడం, ఒంటి గంటకు టీవీ ముందు కూర్చుని జపాన్‌లో జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటం. ఇందులో ఎవరికీ నష్టం లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయినా సింగపూర్‌లో సెంబవాంగ్ పేటలోని ఆ పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో ఆ తర్వాత నెల రోజులు నడిచిన రభసంతా ఆ ఒంటి గంట దగ్గరే మొదలైంది.

అప్పన్న ముత్తాత విశాఖ తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాడు. అప్పన్న ఓడలు బాగుచేసే యార్డులో ముప్ఫై నాలుగేళ్లు క్రేన్ నడిపి రిటైరైనవాడు. ఆ యార్డులోనే ఆయనకు తనబె అనే జపాన్ ఇంజనీరు దొరికాడు. పన్నెండేళ్లు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తిన్నారు, ఒకే ఫోర్‌మన్‌ని తిట్టుకున్నారు. సొంతూరికి తిరిగి వెళ్ళే రోజున తనబె తన ఊరి ఫుట్‌బాల్ జట్టు మఫ్లర్ తీసి అప్పన్న మెడలో వేశాడు. పసుపు రంగు ఉన్ని మఫ్లర్. సింగపూర్ ఎండలో దాన్ని వేసుకున్నవాడికి జ్వరమో భక్తో ఉండాలి. అప్పన్నది భక్తి. తనబె ఊరు తొకినౌర, జట్టు పేరూ అదే. ఆనాటి నుంచి అప్పన్నకు లోకంలో వేరే జట్టు లేదు.

ఈ ఏడాది ఆ జట్టు తీరు విచిత్రంగా ఉంది. లీగ్‌లో ఇరవై జట్లుంటే పద్దెనిమిదో స్థానంలో ఉంది. అడుగున మిగిలిన మూడు జట్లనూ సీజన్ చివర కింది లీగ్‌కు తోసేస్తారు. అదే జట్టు కప్పు పోటీలో మాత్రం పెద్ద పెద్దవాళ్ళను మట్టి కరిపిస్తోంది. కప్పు గెలిస్తే వచ్చే ఏడాది ఆసియా పోటీల్లో ఆడుతుంది. ఆసియా పోటీలంటే సింగపూర్‌కీ రావచ్చు. తనబెకు డెబ్బై ఎనిమిదేళ్లు. "మన జట్టు మీ ఊరొస్తే నేనూ వస్తాను. లేదంటే ఈ మోకాళ్ళతో ఇక విమానం ఎక్కను" అని ఉగాదికి పంపిన మెసేజ్‌లో రాశాడు. ఆ ఒక్క వాక్యం అప్పన్న గుండెలో కూర్చుంది. కప్పు రాకపోతే ఆ మనిషిని ఇక ఈ జన్మలో చూడలేడు.

ఆ శనివారం లీగ్ మ్యాచ్‌లో తొకినౌర సున్నా-రెండుతో ఓడింది. అప్పన్న దిగులుగా తన నోట్‌బుక్ తెరిచాడు. సీజన్ మొదటి నుంచీ ప్రతి మ్యాచ్ వివరం అందులో రాస్తున్నాడు. స్కోరుతో పాటు ఆ సమయంలో ఇంట్లో ఎవరెక్కడ ఉన్నారో కూడా రాస్తాడు. ఎందుకంటే ఆయన దృష్టిలో ఏ జట్టూ ఊరికే ఓడదు. ఎక్కడో ఎవరిదో కాలు అడ్డం పడుతుంది. మొదట్లో అనుమానం సోఫా మీద పడింది. సోఫా జరిపి చూశాడు, ఓడారు. తర్వాత భార్య వెంకటరమణమ్మ తుమ్ముల మీద పడింది. ఆవిడకు అల్లం కషాయం కాచి ఇచ్చాడు. ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ చేయని పని చేసినందుకు ఆవిడకు అప్పుడే అనుమానం వచ్చింది గాని, తుమ్ములు తగ్గినా ఓటములు తగ్గలేదు.

ఈ రోజు పేజీలు తిప్పుతుంటే ఒక పేరు మళ్ళీ మళ్ళీ కనిపించింది. "తన్మయి - హాల్లో. ఓటమి." "తన్మయి - గదిలో, తలుపు తెరిచి. ఓటమి." కప్పు మ్యాచ్‌లు జరిగే బుధవారాలన్నింట్లో "తన్మయి - యూనివర్సిటీలో. గెలుపు!" అని ఉంది.

తన్మయి వాళ్ళ ఇంట్లో ఒక గదిలో అద్దెకుండే అమ్మాయి. నరసరావుపేట నుంచి వచ్చి యూనివర్సిటీలో వానల లెక్కల మీద పరిశోధన చేస్తోంది. శని, ఆదివారాలు ఇంట్లోనే ఉంటుంది. నెమ్మదైన పిల్ల. వెంకటరమణమ్మకు ఆ పిల్లంటే ప్రాణం. తన్మయి అడుగుపెట్టిన వారానికే తన కీళ్ళనొప్పులు తగ్గాయని బ్లాకంతా చెప్పుకుంది. అలాంటి పిల్ల కాలు మంచిది కాదని ఆవిడతో అంటే ఆ పూట నుంచి అప్పన్నకు ఆ ఇంట్లో అన్నం పుట్టదు. అందుకని గుట్టుగా పని కానివ్వాలనుకున్నాడు.

"అమ్మా తన్మయీ, శనివారం ల్యాబుకి ఎల్లవా నువ్వు?" అని మర్నాడు అడిగాడు.

"లేదు అంకుల్, ఇంట్లోనే రాసుకుంటా."

"అదేటమ్మా, ఈ వయసులో ఇంట్లో కూర్చుంటావేటి? జూ చూసినావా? పక్షుల పార్కు?"

మంగళవారం ఇంకోసారి అడిగాడు. గురువారం మరోసారి. శుక్రవారానికి తన్మయికి భయం పట్టుకుంది. వీళ్ళు గది ఖాళీ చేయించాలనుకుంటున్నారు, మొహమాటానికి చెప్పలేకపోతున్నారు అనుకుంది. శనివారం పొద్దున్నే బుద్ధిగా జూకి వెళ్ళి, కోతుల ముందు కూర్చుని వేరే గదుల కోసం ఫోన్‌లో వెతికింది.

తొకినౌర ఆ రోజు ఒకటి-ఒకటితో డ్రా చేసింది. శని సగం వదిలిందన్నమాట. సగమే ఎందుకు వదిలింది? విచారిస్తే తన్మయి మ్యాచ్ ఇంకా పదిహేను నిమిషాలుందనగా ఇల్లు చేరిందని తేలింది. అంటే ఎవరైనా ఆ పిల్లను పట్టుకుని పూర్తిగా బయటే ఉంచాలి.

బుకిట్ పంజాంగ్‌లో వెంకటరమణమ్మ అన్న కొడుకు శ్యాంసుందర్ ఉన్నాడు. ముప్ఫై రెండేళ్లు, కారుంది, పెళ్ళి కాలేదు. అప్పన్నకు కారు మాత్రమే గుర్తొచ్చింది.

"ఒరేయ్, వచ్చే శనివారం మా తన్మయిని ఎక్కడికైనా మకాన్‌కి తీసుకెళ్ళి మంచి భోజనం పెట్టించు. పన్నెండింటికి బయల్దేరండి. మూడు దాటేదాకా తీసుకురాకు."

"మావయ్యా, అత్తకి తెలుసా?"

"అత్తకి సెప్పకు. తర్వాత నేను సెప్తాను."

"ఓకే లా మావయ్యా. థాంక్స్ ఆ." ఆ గొంతులోని వణుకును అప్పన్న గమనించలేదు. శ్యాంసుందర్ ఫోన్ పెట్టేసి వాళ్ళమ్మకు చెప్పాడు. వాళ్ళమ్మ దేవుడికి దీపం పెట్టింది.

శ్యాంసుందర్ కొత్త చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చి, తన్మయికి మూడు గంటల పాటు పీత కూర తినిపించి, తన జీతం, రక్తపోటు, వంటింట్లో తనకున్న అనుభవం అన్నీ చెప్పాడు. ఖాళీ చేయమని చెప్పడానికి ఈ కుర్రాణ్ణి పంపారు, పాపం నోరు రాక ఏదేదో మాట్లాడుతున్నాడు అనుకుని తన్మయి అన్నింటికీ జాలిగా తలూపింది. ఆ తలూపు బుకిట్ పంజాంగ్ చేరేసరికి అంగీకారమైంది.

ఇటు తొకినౌర మళ్ళీ ఓడింది. నాలుగు గోల్స్. అప్పన్న తల పట్టుకున్నాడు. పిల్ల ఇంట్లో లేదు కదా, మరెవరు? పిల్ల లేకపోయినా పిల్ల సామాను ఉంది. ఆ సాయంత్రం ఆయన తన్మయి గది గుమ్మంలో నిలబడి సూట్‌కేసు వైపు అదే పనిగా చూస్తుండగా వెంకటరమణమ్మ వెనక నుంచి వచ్చింది.

"ఏటండీ, ఆడపిల్ల గదిలో ఏటి సూస్తున్నారు?"

"ఏం లేదు. గాలి వస్తందో లేదోనని."

"వారం నుంచీ సూస్తన్నాను. ఆ పిల్ల ఎప్పుడెల్తది, ఎప్పుడొస్తదీ అని మీకెందుకంత ఇది?"

ఆయన నీళ్ళు నమిలాడు. భర్త నీళ్ళు నమలడం ఆ ఇల్లాలికి అదే మొదటిసారి కాదు గాని, ఈసారి ఆవిడ అయిదు రోజులు మాట్లాడలేదు. బుధవారం తొకినౌర సెమీఫైనల్ గెలిచి ఫైనల్ చేరినా, ఆ సంతోషం పంచుకోవడానికి అప్పన్నకు ఇంట్లో దిక్కు లేకపోయింది.

ఆ శనివారం ఒంటి గంటకు అయిదు నిమిషాలు తక్కువ. అప్పన్న మఫ్లర్ వేసుకుని కూర్చున్నాడు. తలుపు గంట మోగింది. శ్యాంసుందర్, వాళ్ళమ్మ, వెండి పళ్ళెంలో పళ్ళు, పువ్వులు, పట్టుచీర. ఎందుకొచ్చారో అర్థం కాక వెంకటరమణమ్మ "రా వదినా" అనేలోగా గదిలోంచి తన్మయి సూట్‌కేసు దొర్లించుకుంటూ వచ్చింది. ఆమె చేతిలోని ఫోన్‌లో నరసరావుపేట నుంచి వాళ్ళమ్మ సుభద్ర కనిపిస్తోంది.

"ఏందండీ ఇది? శనివారం వస్తే మా పిల్లను బయటికి తోలతారంట? మీ ఇంట్లో శనివారాలు ఏం జరుగుద్దండీ?" అని సుభద్ర ఫోన్‌లోంచే నిలదీసింది.

"పిల్ల సామాను సర్దుకుందా! అప్పుడే మా ఇంటికి వచ్చేస్తదా?" అని శ్యాంసుందర్ తల్లి మురిసిపోయింది.

"మీ ఇంటికి ఎందుకండీ?" అంది తన్మయి.

అందరూ అప్పన్న వైపు తిరిగారు. ఇక దారి లేదు. టీవీకి వీపు పెట్టి నిలబడి, నోట్‌బుక్ చేతిలో పట్టుకుని, ఆయన మొత్తం కక్కేశాడు. తనబె మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మఫ్లర్ కొసతో కళ్ళు తుడుచుకున్నాడు. "నిన్ను పొమ్మనలేదమ్మా. శనివారం రెండు గంటలే. ఆయన్ని ఒక్కసారి సూడాలని..."

"లక్ష్మీదేవి లాంటి పిల్లని పట్టుకుని!" అని వెంకటరమణమ్మ చెయ్యెత్తిందే గాని కొట్టలేదు. తనబె ఆవిడ చేతి పులిహోర పన్నెండేళ్లు తిన్నవాడు.

తన్మయికి ఏడుపు రావాల్సింది. కాని ఎదురుగా లెక్కలు కనిపిస్తే ఆ పిల్లకు ఇంకేదీ గుర్తుండదు. నోట్‌బుక్ లాక్కుని, సూట్‌కేసు మీదే కూర్చుని పేజీలు తిప్పింది.

"అంకుల్, నేనొచ్చింది ఏప్రిల్‌లో. అంతకు ముందు కూడా ఓడారు. నేను కాదు."

"మరెవరు?"

"లీగ్‌లో నాలుగు గెలిచారు. ఆ మ్యాచ్‌లు ఎందుకు చూడలేకపోయారో మీరే పక్కన రాశారు. ఒకసారి మీరు పన్ను పీకించుకోవడానికి వెళ్ళారు. రెండోసారి పెళ్ళికి. మూడోసారి కరెంట్ పోయింది. నాలుగోసారి మీరు నిద్రపోయారు. ఇక కప్పు మ్యాచ్‌లు. బుధవారం సాయంత్రాలు మీరెక్కడ ఉంటారు?"

"గుడిలో భజన. డోలక్ నేనే కదా వాయించాలి. వచ్చాక రికార్డింగ్ సూస్తాను."

"అందరూ ఎక్కడున్నారో రాశారు అంకుల్. మీరెక్కడున్నారో ఒక్కసారి చూసుకోండి." ఇదంతా ఎంత అర్థం లేనిదో తెలియజెప్పాలని ఆ పిల్ల నవ్వుతూ అంది.

అప్పన్న నవ్వలేదు. అదే క్షణంలో ఆయన వీపు వెనక టీవీలో కేకలు లేచాయి. తొకినౌర గోల్ కొట్టింది. ఆయన ఆత్రంగా వెనక్కి తిరిగాడు. నిమిషంలో అవతలివాళ్ళు సమం చేశారు. గదిలో అందరూ ఆయన్ని చూశారు. ఆయన మెల్లగా మళ్ళీ గోడ వైపు తిరిగాడు. తొకినౌర ఇంకో గోల్ కొట్టింది.

"ఐయో, మీరేనండీ!" అంది వెంకటరమణమ్మ. ఫోన్‌లో సుభద్ర కూడా అదే అంది.

శ్యాంసుందర్ తల్లి చాలాసేపు పళ్ళెం పట్టుకుని నిలబడింది. చివరకు పళ్ళు అందరూ తిన్నారు, చీర వెనక్కి వెళ్ళింది. "నెవర్ మైండ్ లా" అని శ్యాంసుందర్ తన్మయి సూట్‌కేసును తనే మళ్ళీ గదిలో పెట్టాడు.

ఆ తర్వాత అప్పన్న ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. జట్టు లీగ్‌లో కిందికి జారకుండా ఒక్క పాయింటుతో బయటపడింది. ఆదివారం ఫైనల్ రోజున వెంకటరమణమ్మ ఆయన ఫోన్ లాక్కుని, మంచినీళ్ళ సీసా, గొడుగు ఇచ్చి బయటికి పంపింది. ఆయన బుకిట్ పంజాంగ్ వెళ్ళి, ఆ పేట చుట్టూ గుండ్రంగా తిరిగే బుల్లి రైలెక్కి, ఎన్ని చుట్లు తిరిగాడో ఆయనకే తెలియదు. ఏడాది పొడుగునా ప్రేమించిన జట్టుకు తను చేయగలిగిన గొప్ప సాయం ఇదేనా అని ఒక చుట్టులో ఏడుపొచ్చింది కూడా. సాయంత్రం ఇంటి తలుపు తీసేసరికి వెంకటరమణమ్మ, తన్మయి ఒకరినొకరు కావలించుకుని గెంతుతున్నారు. పెనాల్టీల్లో గెలిచారు.

మరుసటి ఏడాది ఆసియా పోటీలకు చీట్లు తీస్తే తొకినౌరకు సింగపూర్ జట్టే తగిలింది. తనబె వచ్చాడు, కర్ర పట్టుకుని, నాలుగు టికెట్లతో. విమానాశ్రయంలో ఇద్దరు ముసలివాళ్ళూ సిగ్గులేకుండా ఏడ్చారు. మ్యాచ్ రోజు స్టేడియం గేటు దగ్గర అప్పన్న ఆగిపోయి, తల దించుకుని విషయం చెప్పాడు. "మీరెళ్ళండి తనబె-సాన్. నేను బయటే ఉంటా."

తనబె తన కర్రను రోడ్డు అవతలి వైపు తిప్పాడు. "అప్పన్న-సాన్, నేను చూస్తానని ఎప్పుడన్నాను? వస్తానన్నాను. నేను చూసినా మన జట్టు ఓడుతుంది. పదకొండేళ్లుగా మా ఊరి స్టేడియంలో నా చోటు కారు పార్కింగే."

రెండు టికెట్లతో వెంకటరమణమ్మ, తన్మయి లోపలికి వెళ్ళారు. మిగిలిన రెండూ గేటు దాకా సాగనంపడానికి వచ్చిన శ్యాంసుందర్‌కీ, వాళ్ళమ్మకీ ఇచ్చేసి, వీళ్ళిద్దరూ రోడ్డు అవతల తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో కాఫీలు తెచ్చుకుని, స్టేడియానికి వీపు పెట్టి పక్కపక్కన కూర్చున్నారు. పాత ఫోర్‌మన్‌ని మళ్ళీ మొదటి నుంచి తిట్టుకున్నారు. మూడుసార్లు స్టేడియం హోరెత్తింది. మూడుసార్లూ ఇద్దరూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు. అప్పన్నకు జీవితంలో అంత మంచి మ్యాచ్ జ్ఞాపకం లేదు.

తొకినౌర సున్నా-మూడుతో ఓడిందని తన్మయి వచ్చి చెప్పింది. ఇద్దరు స్నేహితులూ కాఫీ గ్లాసులు దించి ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూసే ఉండాలి.