నలభై ఎనిమిది గ్యాలన్ల తీర్మానం

కాల్డర్ ఫ్లాట్స్ స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి కొత్త పికప్పు కొనే నిమిత్తం నియమితమైన ఇంధన నిర్ణాయక సంఘం, పద్నాలుగు నెలలు ఏకధాటిగా శ్రమించి, పెట్రోలు బండి కన్నా డీజిలు బండే శ్రేష్ఠమని ఏకగ్రీవంగా తేల్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఏకగ్రీవమంటే ఐదుగురిలో నలుగురు. ఐదో సభ్యురాలు నెల్డా ఒర్తేగా ఆ పూట ఊరి బయటి పొలాలకు ఉత్తరాలు పంచడానికి వెళ్ళినందువల్ల ఆమె అభిప్రాయం అడ్డు రాలేదు.

సంఘంలో నేనూ సభ్యుణ్ణి. సహకార ధాన్యం గిడ్డంగిలో ముప్పై ఒక్క ఏళ్ళు తూకం గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి కనక, బరువుల విషయంలో నా మాటకు విలువ ఉంటుందని వేశారు. సమావేశాలు ఆ గిడ్డంగిలోనే, తూకం గది పక్కనున్న కాఫీ బల్ల దగ్గర జరిగేవి. టెక్సస్ నడినెత్తిన ఉన్న మా ఊరిలో జనాభా ఆరువందల పది, పికప్పులు ఏడువందల చిల్లర. వానలు పేరుకు మాత్రమే పడతాయి. చలికాలంలో గడ్డి ఎండి గలగలలాడుతుంది, గాలి ఒక పట్టాన ఆగదు. ఇటువంటి ఊరికి అగ్నిమాపక బండి ఎంత అవసరమో సంఘానికి బాగా తెలుసు. అందుకే తొందరపడలేదు.

అధ్యక్షుడు రాయిస్ టిడ్వెల్ గారు. వృత్తి పంటల బీమా, ప్రవృత్తి డీజిలు. ఆయన సొంత బండికి వెనక నాలుగు చక్రాలు, ముందు రెండు. ఎక్కడానికి మెట్టు, దిగడానికి ధైర్యం కావాలి. పదహారు టన్నులు లాగగలదని ఆయన చెబుతారు, మేం నమ్ముతాం. ఇంతవరకు అది లాగింది ఒకే ఒక్కసారి, మాంసం కాల్చే పొయ్యిని. అదీ చర్చి నుంచి బడి దాకా, పల్లానికి.

మా ఊరి మర్యాద ఒకటి ఇక్కడ చెప్పాలి. డీజిలు బండి గలవాడు కాఫీకి దిగితే ఇంజను ఆపడు. ఆపితే ఇంజనుకు మంచిది కాదంటారు. ఎందుకు మంచిది కాదని అడిగితే, మా నాన్న ఆపేవాడు కాదంటారు. కాబట్టి గిడ్డంగి ముందు ఎప్పుడు చూసినా ఎనిమిదో తొమ్మిదో బండ్లు మనుషులు లేకుండా గుర్రుమంటూ ఉంటాయి. లోపల మేం ఆ హోరు మీద గొంతు చించుకుని మాట్లాడుకుంటాం. మా ఊరి నిర్ణయాలన్నీ అరుపులతోనే జరిగాయని బయటివాళ్ళు అనుకుంటారు గాని, నిజానికి అవి ఎంతో సామరస్యంగా జరిగాయి.

మొదటి ఐదు నెలలూ ట్యాంకు గురించే చర్చ. పెట్రోలు బండికి ముప్పై నాలుగు గ్యాలన్లు పడతాయి, డీజిలు బండికి నలభై ఎనిమిది. మా దళం పరిధిలో అన్నిటికన్నా దూరపు పొలం ఇరవై రెండు మైళ్ళు. పెట్రోలు బండి ఒకసారి నింపితే అక్కడికి ఎనిమిదిసార్లు వెళ్ళిరాగలదని, డీజిలు బండి పదహారుసార్లు వెళ్ళిరాగలదని నేను లెక్క తేల్చాను. సభ్యులు నా భుజం తట్టారు. అప్పుడు నెల్డా ఒక మాట అడిగింది. బండి మీద నీళ్ళ ట్యాంకు మూడువందల గ్యాలన్లు, పైపు తిప్పితే పది నిమిషాల్లో ఖాళీ అవుతుంది, నీళ్ళకోసం ఎలాగూ ఊళ్ళోకి రావాలి, నీళ్ళ కుళాయి పెట్రోలు బంకు పక్కనే ఉంది, మరి పదహారుసార్లు ఆగకుండా తిరిగే బండి ఎందుకని. ఈ ప్రశ్నను ఉపప్రశ్నగా నమోదు చేశాం.

దానికి జవాబుగా రాయిస్ గారు లేచి నిలబడి చేసిన ప్రసంగం మినిట్సులో ఉంది. "బంకు దగ్గర మాటిమాటికీ ఆగే బండి మనూరి పరువు తీస్తది. రేపు పక్కూరోళ్ళు చూస్తే ఏమనుకుంటారు? వీళ్ళకి ట్యాంకు కూడా లేదనుకోరూ?" అని ఆయన అన్నప్పుడు చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

తరువాతి తొమ్మిది నెలలూ ఖర్చుల మీద సాగాయి. డీజిలు ఇంజనుకు పదివేల డాలర్లు అదనం. గ్యాలను ధర పెట్రోలు కన్నా ఎక్కువ. ఇంజనాయిలు మార్చాలంటే మూడు గ్యాలన్లు పోయాలి, ఫిల్టర్లు రెండు మార్చాలి, పొగను శుభ్రపరచడానికి నీలం మూత డబ్బాలో ద్రవమొకటి వేరే పొయ్యాలి. అయితే మైలేజీ బాగా వస్తుంది కనక లక్షా ఇరవై వేల మైళ్ళు తిరిగేసరికి ఈ అదనపు ఖర్చంతా రాబట్టుకోవచ్చు. మా దళం బండి ఏడాదికి తొమ్మిదివందల మైళ్ళు తిరుగుతుంది. అంటే నూట ముప్పై మూడేళ్ళలో లాభాల్లోకి వస్తుంది. ఇంత ముందుచూపు గల పెట్టుబడి మా ఊరి చరిత్రలో లేదని సంఘం అభిప్రాయపడింది.

క్యాట్‌ఫిష్ విందులు పెట్టి, టిక్కెట్లు అమ్మి, పాత బండిని మారకానికిచ్చి కూడబెట్టిన సొమ్ము పెట్రోలు పికప్పుకు, దాని మీదికి నీళ్ళ ట్యాంకుకు, పంపుకు సరిగ్గా సరిపోయేది. డీజిలు పికప్పుకు సరిగ్గా డీజిలు పికప్పు మటుకే సరిపోయింది. కాబట్టి నీళ్ళ ట్యాంకునూ పంపునూ వచ్చే ఏడాదికి వాయిదా వేశాం. మిగిలిన కొద్ది సొమ్ముతో తలుపుల మీద దళం ముద్ర బంగారు రంగులో వేయించాం. ముద్ర చాలా బాగా వచ్చింది.

ప్రారంభోత్సవం జనవరి రెండో శనివారం ఉదయం, ఓలీటా స్ట్రౌడ్ గారి పొలంలో. ఆమెకు డెబ్బై ఆరేళ్ళు. భర్త పోయి ఆరేళ్ళయింది. ఇద్దరూ కలిసి నలభై ఏళ్ళపాటు ఎంచి ఎంచి పెంచిన మంద, ఇప్పుడు నలభై రెండు ఆవులు. ఏప్రిల్లో పచ్చిక మొలిచేదాకా అవి తినాల్సిన గడ్డి నూట యాభై చుట్టలు షెడ్డులో పేర్చి ఉంది. ఊళ్ళో సగం మందికి ఆదివారం బడిలో బైబిలు నేర్పింది ఆవిడే. వెనకాల గాలిమర, దూరంగా ఆవులు, ముందు బండి, ఫొటో అదిరిపోతుందని ఆ పొలం ఎంచుకున్నాం. ఆమె కాదనలేదు.

రాయిస్ గారు బండిని ఊరంతా ఊరేగించి తెచ్చి, మోకాలెత్తు ఎండుగడ్డిలో నిలిపి, ఇంజను ఆపకుండా దిగారు. అప్పటికే బండి లోపలి తెరమీద ఒక సూచన వెలిగింది. సైలెన్సరులో పేరుకున్న మసిని బండి తనంతట తాను కాల్చి శుభ్రం చేసుకుంటోందని, గొట్టం బాగా వేడెక్కుతుందని, అంటుకునే వస్తువులకు దూరంగా ఉంచమని. రాయిస్ గారు మొదటి వాక్యం చదివి, బండి ఎంత తెలివైనదో చూడండని మా అందరికీ చూపించారు. మిగతాది చదవడానికి వ్యవధి లేదు. రిబ్బను సిద్ధంగా ఉంది.

ఓలీటా గారు కర్ర ఊతగా దగ్గరికొచ్చారు.

"నాయనా రాయిస్, ఆ బండి ఆపెయ్. కింద గడ్డి పెళపెళలాడతా ఉంది."

"డీజిలు బండి ఆపకూడదండీ, ఓలీటా గారూ. ఇవన్నీ మీకు తెలీవు."

"బండి సంగతి తెలీదులే. గడ్డి సంగతి తెలుసు."

ఆమె వయసును గౌరవించి అందరం చిరునవ్వు నవ్వాం. రాయిస్ గారు ప్రసంగం మొదలుపెట్టారు. నలభై ఎనిమిది గ్యాలన్లు అనే మాట మూడోసారి వచ్చినప్పుడు బండి కింద నుంచి పొగ లేచింది. డీజిలు బండికి పొగ అందమే కాబట్టి కొందరు ఈలలు వేశారు. మంట కనిపించాక ఈలలు ఆగాయి. ఎదుట నిలబడ్డది అగ్నిమాపక దళం, వాళ్ళ వెనక కొత్త బండి, బండి మీద నీళ్ళు లేవు. గాలి షెడ్డు వైపుంది.

ఆ క్షణంలో రాయిస్ గారు చూపిన సాహసాన్ని ఎంత పొగిడినా తక్కువే. మంటల్లోకి దూకి, బండెక్కి, గీత కూడా పడకుండా రోడ్డు మీదికి తెచ్చారు. అగ్ని నుంచి అగ్నిమాపక బండిని కాపాడినందుకు ఆయనకు దళం పతకం ప్రకటించింది. పక్కూరి పెట్రోలు బండి నీళ్ళతో వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అవతలి బీడులో ఉండబట్టి ఆవులు దక్కాయి. షెడ్డులోని గడ్డి మూడు రోజులు కాలింది.

సోమవారం పొద్దున పరామర్శకు ఓలీటా గారి వాకిట్లోకి ఇరవై మూడు డీజిలు పికప్పులు వచ్చాయి. ఊళ్ళో ఒకరికి కష్టమొస్తే మేం ఊరుకోం. ప్రతివాడూ ఏదో ఒక వంటకం రేకు పళ్ళెంలో తెచ్చాడు. తిండి బల్ల మీద పట్టక వరండాలో పెట్టారు. ఆవులకు మాత్రం ఏమీ లేదు. అప్పుడే కబురొచ్చింది: అరవై మైళ్ళ అవతల ఒక రైతు నూట యాభై చుట్టలు ఉచితంగా ఇస్తాడట, ఎవరైనా వచ్చి తోలుకుపోతే చాలునట. ఓలీటా గారు వాకిట్లోని బండ్లన్నిటినీ ఒకసారి చూశారు. ఆమె కళ్ళల్లో ప్రాణం వచ్చింది. నేను చూశాను.

"ఎన్ని టన్నులు లాగుద్దన్నావు నాయనా, నీ బండి?"

"పదహారండీ."

"చుట్ట అర టన్ను ఉంటది. రేపటికి మేత లేదు. ఇయ్యాల వెళ్ళొస్తావా?"

రాయిస్ గారు టోపీ తీసి చేతిలో తిప్పారు. పెద్ద ట్రైలరు బావమరిది దగ్గరుందన్నారు. కొక్కెం తగిలించడానికి బండి వెనక తొట్టిలో రంధ్రాలు చెయ్యాలి, చేస్తే గ్యారంటీ పోతుందన్నారు. ఇంకొకాయన గడ్డి గీరుకుంటే రంగు పోతుందన్నాడు. ఇంకొకాయన మొన్ననే కడిగించానన్నాడు. నా వంతు వచ్చింది. నా బండి తొట్టికి నల్లపూత వేయించి వారమే అయింది, ఇంకా వాసన కూడా పోలేదు. ఆ సంగతే చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి మా రేకు పళ్ళేలు కడిగి ఎవరివి వాళ్ళకిచ్చేశారు.

నెల్డా తపాలా ఆఫీసుకు సెలవు పెట్టింది. ఆమెది పంతొమ్మిదేళ్ళ నాటి పెట్రోలు పికప్పు, ట్యాంకు ఇరవై ఆరు గ్యాలన్లు. ఎవరిదో తుప్పు పట్టిన ట్రైలరు తగిలించుకుంది. దాని మీద ఐదు, తొట్టిలో ఒకటి, విడతకు ఆరు చుట్టలు. రోజుకు మూడు విడతలు. నూట యాభై చుట్టలు చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా వచ్చే గడ్డి చాలక ఓలీటా గారు పదకొండు ఆవులను సంతలో అయినకాడికి అమ్ముకున్నారు. అందులో భర్త చేతుల్లో పుట్టిన ముసలావు కూడా ఉంది.

ఈ తొమ్మిది రోజులూ సంఘం చేతులు ముడుచుకు కూర్చోలేదు. బంకు గిడ్డంగికి ఎదురుగానే కాబట్టి, కాఫీ బల్ల దగ్గర నుంచి నెల్డా ఎన్నిసార్లు పెట్రోలు కొట్టించుకుందో జాగ్రత్తగా లెక్కపెట్టాం. పన్నెండుసార్లు. అదే పని పెద్ద ట్రైలరుతో డీజిలు బండి నాలుగు రోజుల్లో, మూడుసార్లు నింపుకుని పూర్తి చేసేదని నేను లెక్క కట్టాను. సంఘం నిర్ణయం సరైనదేనని దీంతో రుజువైంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి.

ఆఖరి రోజున నెల్డా కాఫీ తాగడానికి లోపలికొచ్చింది. చేతుల నిండా గడ్డి కోసిన గీతలు. రాయిస్ గారు పెద్దరికంతో ఆమెకు కుర్చీ జరిపారు.

"చూడమ్మాయ్, నీ మంచికే చెబుతున్నా. డీజిలు బండి కొనుక్కో. మూడుసార్లు నింపితే అయిపోయేది ఈ పనంతా."

"అవునండీ," అంది నెల్డా. "బయట తొమ్మిదున్నాయిగా అట్టాంటివి. ఎవరు నింపుతారా అని చూశా."

ఆమె కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. ఆమె మాటను నమోదు చెయ్యాలా వద్దా అన్నదాని మీద కొంత చర్చ జరిగింది. నాకు సిగ్గేసింది. జీవితమంతా బరువులు తూచినవాణ్ణి, అర టన్ను గడ్డి లేపలేకపోయాను. కాఫీ బల్ల దగ్గర నాకు సిగ్గేసిన మొదటి రోజు అది కాబట్టి, సంఘానికి సిగ్గేసినట్టు మినిట్సులో రాయాలని ప్రతిపాదించాను. ప్రతిపాదనను ఇంకొకరు బలపరచాలని రాయిస్ గారు నియమం గుర్తు చేశారు. ఎవరూ బలపరచలేదు.

నియమాల ప్రకారం అది కొట్టివేయబడదు, పెండింగులో ఉంటుంది. బలపరిచేవారు ఫలానా ఊరివారే కావాలని ఎక్కడా లేదు. కాబట్టి ఇది చదువుతున్న వారిలో, అవసరానికి మించిన బండి ఉండి, పక్కింటివాళ్ళు అడిగినప్పుడు ఏ సాకూ చెప్పకుండా తాళం చేతులు తీసినవారు ఎవరైనా ఉంటే, దయచేసి చెయ్యి ఎత్తవలసిందిగా కోరుతున్నాం. ఒక్కరు చాలు.