గాగుల్స్‌కు గీత పడకూడదు

నా భయాలన్నిటిలోకీ పెద్దది ఒకటుంది. మా మూడేళ్ల పిల్ల ఒకరోజు పొద్దున్నే లేచి, కిటికీ నిండా ఎండ ఉండగా, "అమ్మా, లైటు వెయ్యి" అంటుందేమోనని.

ఇది ఉత్త పిచ్చి భయమని మా వీధి చివర ఫిజియోథెరపీ సెంటర్ వాళ్లు తేల్చేశారు. అప్పుడుగానీ నాకు జ్ఞానోదయం కాలేదు. అయ్యలారా, అమ్మలారా! లేజర్ గదిలో ఎవరి కళ్లకూ గాగుల్స్ పెట్టకపోవడమే ఈ కాలపు గొప్ప వైద్యసేవ!

మా అత్తయ్యకు భుజం నొప్పి. చెయ్యి పైకి లేవదు. ఆ సెంటర్లోనే లేజర్ పెట్టించుకుంటోంది. సరిగ్గా నేను ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద ఉండే వేళకే ఆవిడ వంతు వస్తుంది. పిల్లను ఎక్కడ వదులుతుంది? వెంట తీసుకెళ్తుంది. మొన్న సెలవు దొరికితే నేనూ వెళ్లాను.

గది దివ్యంగా ఉంది. చల్లటి ఏసీ. కసరత్తులు చేసేవాళ్లు తమ వంకర తామే చూసుకోవడానికి గోడంతా నిలువుటద్దం. థెరపిస్టు లావుపాటి పెన్నులాంటిది పట్టుకుని అత్తయ్య భుజం మీద తిప్పుతుంటే ఎర్ర చుక్క ఒకటి మెరుస్తోంది. ఆయన చెయ్యి కాస్త కదిలితే చాలు, అది అద్దంలోకి గెంతుతోంది. "చుక్క! చుక్క!" అని మా పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని దాని వెంటే చూస్తోంది. ఇంత చక్కని ఆటబొమ్మ ఏ కొట్లో దొరుకుతుంది చెప్పండి?

తలుపు మీద పసుపు కాగితం అంటించి ఉంది. లోపలున్న ప్రతి ఒక్కరూ గాగుల్స్ పెట్టుకోవాలట.

"గాగుల్స్ ఏవండీ?" అన్నాను థెరపిస్టుతో.

"ఎందుకు లేవమ్మా? అవిగో!"

రిసెప్షన్‌లో, తాళం వేసిన గాజు బీరువాలో, బహుమతి షీల్డుల పక్కన తళతళలాడుతున్నాయి. కవరు కూడా విప్పలేదు.

"ఫారిన్ సరుకు. వాడితే గీతలు పడవూ? రేపు ఇన్‌స్పెక్షన్‌కి ఎవరైనా వస్తే ఏం చూపించాలి?"

ఆహా, ఏం ముందుచూపు! కళ్లంటే పుట్టుకతో వచ్చినవి. గాగుల్స్ ఓడెక్కి వచ్చినవి. వేటిని కాపాడుకోవాలో మీరే చెప్పండి!

"మరి ఆ లైటు పిల్ల కంట్లో పడితే?"

"ఆ ఎర్రది గురి చూసుకోవడానికమ్మా. అసలు లైటు కంటికి కనిపించనే కనిపించదు. కనిపించనిది కంటినేం చేస్తుంది?"

ఎంత తిరుగులేని సైన్సు! కరెంటూ కనిపించదు. ఇకనుంచి పిల్లల్ని ప్లగ్గుల దగ్గర కూర్చోబెట్టి హాయిగా వంట చేసుకోవచ్చు.

అన్నట్టు, మీట నొక్కేటప్పుడు ఆయన చెయ్యి అత్తయ్య భుజం మీద ఉంటుంది, మొహం మాత్రం తలుపు వైపు తిరుగుతుంది. సిగ్గరి కాబోలు పాపం!

పక్క గదిలో అల్ట్రావయొలెట్ దీపం. చర్మం మీద తెల్లమచ్చలు తగ్గాలని ఒక తాతను దాని కింద కూర్చోబెట్టి, నర్సమ్మ ఫోన్ మాట్లాడటానికి బయటికెళ్లింది. తిరిగొచ్చేసరికి తాత వీపు కమిలిపోయింది. "బాగా పట్టింది తాతా!" అని మెచ్చుకుంది కూడా. మచ్చల మాటకేం, ఇప్పుడు వీపంతా ఒకటే రంగు!

నా నోరు ఊరుకోలేదని అత్తయ్యకు కోపం వచ్చింది.

"ఆయన అంత చదువుకున్నవాడు. ఎనిమిదిలో ఆపేసినదానివి, ఆయనకంటే నీకెక్కువ తెలుసా? నా భుజం బాగుపడటం నీకిష్టం లేదా ఏమిటే? రేపట్నుంచి నువ్వు రాకు."

భుజం బాగుపడుతున్న మాట నిజం. ఆ చెయ్యి పైకి లేస్తోంది. ఆ చేత్తోనే పిల్లకు రెండు జడలు వేసి, పచ్చ రిబ్బన్లు కట్టి, చుక్కను చూపిస్తానని తీసుకెళ్తోంది.

లేజర్ మీద నాకేం పగ లేదు. నా పగంతా ఆ గాజు బీరువా తాళం మీదే.

రోజూ మధ్యాహ్నం నేను మిషన్ మీద ఉంటాను, వాళ్లు ఆ గదిలో ఉంటారు. మీ మెడో నడుమో పట్టేసి అటు వెళ్తే, మంచం పక్కన పచ్చ రిబ్బన్ల పిల్ల ఉందేమో చూడండి. ఏదో వంక పెట్టి బయటికి తీసుకురండి. జడ ముందుకు వేసి, "ఈ రిబ్బన్ ఏం రంగు పాపా?" అని అడగండి.

చెప్పిందో లేదో, నాకు కాస్త కబురు చెయ్యండి.