పల్లవీ బంధ విమోచనము

వినుడు! వీపు ఆనుకొన వీలులేని బల్లలపై ఆదివారమెల్ల నిటారుగా కూర్చుండి స్తుతించు ఓ సహనధనులారా, చెవియొగ్గి వినుడు! రథములు లేని, గజములు లేని, నెత్తుటిచుక్కయైనను నేల రాలని, అయినను ఒక పచ్చని సంసారమును వారము దినములు మూగనోము పట్టించిన మహాసంగ్రామము ఇది. కాలమా, పడమటి కిటికీలోనుండి సూర్యుడు చొరబడి తెల్లని తెరపైని అక్షరములను దిగమ్రింగు శనివారపు సాయంవేళ. స్థలమా, కుట్టుమిషన్ల మరమ్మతు దుకాణమునకు పై అంతస్తున, కిర్రుకిర్రుమను ఇనుపమెట్ల నెక్కి చేరదగిన ఒక చిన్న ప్రార్థనామందిరము.

ఆ మందిరమున వెనుకబల్ల ప్రక్కన, ప్లగ్గు ఉన్నచోట, మడతకుర్చీయే సింహాసనముగా, లాప్‌టాపే దివ్యాయుధముగా వెలుగొందు వీరాంగన యొకతె కలదు. వారమంతయు కళ్లజోళ్ల దుకాణమున పరుల చూపు చక్కదిద్దు ఆ ధీమతి, ఆదివారమున పాటల సాహిత్యమును ప్రొజెక్టరు ద్వారా తెరపై నిలుపు తెరసామ్రాజ్ఞి. సంఘమంతయు ఆమెను తెరక్క యని పిలుచును. ఆ కుర్చీ యనిన ఆమెకు ప్రాణము. తానొక మీట నొక్కినంతనే అన్ని గొంతులును ఒక్కసారిగా తరువాతి పంక్తిలోనికి కదలుటకంటె మించిన సంతోషము ఆమె యెరుగదు.

ఆమె భర్తయో, వారమంతయు జనులకు కారు నడుపుట నేర్పుచు, ఆదివారమున మైకు ముందు నిలిచి పాట నడిపించు గళసింహము. పాటలన్నిటి రాగములు ఆయనకు కొట్టినపిండి. కాని పల్లవి చేజిక్కినచో ఆ మహానుభావుడు విడువడు. చుట్టూ తిరిగి పల్లవి, మరల పల్లవి, ఊపిరి తీసికొని పల్లవి! అది భక్తిపారవశ్యమని సంఘము చేతులెత్తి ఊగును. "పల్లవి విడువని విశ్వాసము" అని పాస్టరుగారు ఒకమారు ప్రసంగమే చేసిరి.

తెరక్క కష్టము తెరక్కకే యెరుక. ఓపిక నశించి ఆమె చరణము చూపిన క్షణముననే ఆయన వెనుకనున్న తెరను చూడక పల్లవి నెత్తుకొనును. సగము సంఘము ఇటు, సగము అటు. ఆమె కంగారుగా వెనుకకు నొక్కును. వరుసగా తప్ప నడువనేరని ఆ పాత సాఫ్ట్‌వేరులో, ప్రతి చరణమునకు ముందును పల్లవిని ఎడాపెడా అతికించి ఆమె యొక ఉపాయము పన్నెను గాని, దానితో తాను ఏ పల్లవిలో ఉన్నదో తనకే తెలియకుండ పోయెను. గడచిన ఆదివారము ఆ పల్లవుల అడవిలో దారితప్పి, ప్రకటనల పుటపై పోయి పడెను. ఆ విధేయ సంఘము కన్ను చెదరక, రాగము చెదరక, "చెప్పులు మెట్లమీద విడువరాదు" అని ముక్తకంఠముతో గానము చేసెను.

గళసింహము మైకులోనే ఫక్కుమని నవ్వెను. తప్పు చేసినందుకు కాక, ఆ నవ్వునకు ఆమె మనస్సు విరిగిపోయెను.

అంతట ఆ మానవతి క్రోధారుణనేత్రయై, "నూతనాయుధము లభింపనిచో ఈ పీఠమును శాశ్వతముగా త్యజింతును" అని దిక్కులు పిక్కటిల్ల ప్రతిజ్ఞ చేసెనని కథకుడు చెప్పవలసియున్నది. ఆమె నిజముగా అన్నది మాత్రమిది: "పాస్టరుగారూ, వేరే సాఫ్ట్‌వేరు ఏదైనా చూద్దాం. ఈ ఆదివారం కూడా ఇలాగే అయితే నేనింక కూర్చోను. ఇంకెవరికైనా చెప్పుకోండి." ఆపై భర్తతో మాటలు బంద్. ఉప్పు కావలెనన్నను ఆయన తానే లేచి తెచ్చుకొనవలసి వచ్చెను.

శనివారమున ఆయుధపరీక్ష మొదలయ్యెను. మొదటి సాఫ్ట్‌వేరును గిటారు వాయించు పళ్ల డాక్టరు వెనకేసుకొని వచ్చెను. అందు అక్షరముల వెనుక ఉత్తుంగతరంగభంగభీకరమైన సముద్రము పొర్లాడుచుండెను. ముందుబల్ల పెద్దమ్మ కొంతసేపు చూచి బల్ల అంచు పట్టుకొనెను.

"నాకు కళ్లు తిరుగుతున్నాయి నాయనా. నన్ను పాట పాడమంటావా, పడవెక్కమంటావా?"

"బ్యాగ్రౌండు మార్చుకోవచ్చు పెద్దమ్మా, మేఘాలున్నాయి," అనెను డాక్టరు.

"మేఘాలూ కదులుతాయా?"

"కదులుతాయి."

"అయితే వద్దు."

రెండవది పాస్టరుగారి పక్షము. ఏ వాక్యమడిగినను రెప్పపాటులో వెదకి తెచ్చు మేటి. కాని తెలుగు చూపగానే వత్తులన్నియు అక్షరముల క్రిందినుండి జారి, బస్సు కొరకు వేచినట్లు ప్రక్కకు వచ్చి నిలుచుండెను. పాస్టరుగారు కళ్లజోడు తుడుచుకొని మరల చూచి, "ఇది మనకు కుదరదులెండి," అని తామే తప్పుకొనిరి.

ఇక మూడవది. సముద్రము లేదు, మేఘము లేదు. నల్లని నేలపై తెల్లని పెద్ద అక్షరములు. ఏ మీట నొక్కినచో ఆ చరణము, అంతే. తెరక్క కన్నులు మెరసెను. పరీక్షకై ఎవరైనను పాడవలెను గదా. వారము దినముల మౌనమును సడలించి, భర్తవైపు చూడకయే ఆమె, "పాడమనండి," అనెను.

ఆయన మైకు నందుకొని పల్లవి పాడెను. మీటపై వ్రేలుంచి ఆమె వేచెను. ఆయన మెడ త్రిప్పి తెర చూచి, మరల పల్లవి పాడెను. ఆమె వేచెను. మరల మెడ త్రిప్పెను, మరల పల్లవి. డాక్టరు గిటారు తీగలు మీటి మీటి అలసి చేతులు దులుపుకొనెను.

"ఏవండీ, చరణం ఎత్తుకోండి," అనెను తెరక్క.

"నువ్వు వేస్తే కదా ఎత్తుకునేది."

"మీరు ఎత్తుకుంటే కదా నేను వేసేది."

క్రింద దుకాణములో ఎవరో కుట్టుమిషను త్రిప్పి చూచుచున్న చప్పుడు వినవచ్చెను.

"అంటే మీకు చరణాలు రావా?"

గళసింహము చొక్కా గుండీ సవరించుకొనెను. "మొదటి మాట అందిస్తే మిగతాది అదే వచ్చేస్తుంది. అది కనపడేదాకా పల్లవి తిప్పుతూ ఉంటాను."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"పాట నడిపించేవాడికి పాట రాదని మైకులో చెప్పమంటావా?"

"నాతో చెప్పడానికి మైకెందుకండీ?"

ఆయన మైకు దించెను. "మొన్న నవ్వింది నిన్ను చూసి కాదు," అని మెల్లగా అనెను. "నేనూ చెప్పుల పాట అందుకోబోయాను." ఆమె బిగబట్టి బిగబట్టి, కడకు నవ్వివేసెను.

"అయితే అది ఆత్మావేశం కాదా బాబూ?" అనెను పెద్దమ్మ. "చేతులెత్తీ ఎత్తీ నా భుజాలు పడిపోయాయి." పాస్టరుగారు తమ పాత ప్రసంగము జ్ఞప్తికి వచ్చినవారై కిటికీ మూయుటకు లేచిరి.

ఆ మూడవ సాఫ్ట్‌వేరునందే యొక బ్రహ్మాస్త్రము దాగియుండెను. పాడువారికొరకు వేరొక చిన్న తెరపై, రాబోవు పంక్తిని ముందుగానే చూపునట! డాక్టరు తన క్లినిక్కునుండి పాత మానిటరు తెచ్చి మైకు పాదమున నిలిపెను. ఎన్నిక ముగిసెను.

ఆదివారము. సంఘము లేచి నిలిచెను. పల్లవి ఒకమారు, పల్లవి రెండవమారు. గళసింహము కన్నులు వాల్చి చూచెను. చరణము మొదటి మాట పాదములచెంత వెలుగుచుండెను. ఆయన ఎత్తుకొనెను, ఆమె నొక్కెను.

కాని అలవాటుపడిన సంఘము కనులు మూసికొని, చేతులెత్తి, ఘోషించుచు మూడవమారు పల్లవిలోనికే దూకెను! ఆ మహాఘోషలో చరణము పాడుచున్నవి రెండే గొంతులు. ఒకటి మైకు ముందు, ఒకటి వెనుకబల్ల ప్రక్కన మడతకుర్చీలో. ఇన్ని సంవత్సరములలో ఆ దంపతులు ఒకే పంక్తిలో ఉండుట అదే మొదలు. ఆయన సంఘము తలల మీదుగా ఆమెను చూచెను. ఆమె వెనుకకు నొక్కలేదు. ఒక్కొక్కరుగా కన్ను తెరచి, తెర చూచి, తడబడి, సంఘమంతయు వారి వెంట వచ్చి చేరెను.

దిగ్దిగంతముల చాటుడు! దుందుభులు లేనిచో బల్లలైనను చరచుడు! గళసింహపు పల్లవి రెండుమార్లతో ఆగెను. తెరక్క కుర్చీ తెరక్కకే నిలిచెను. ఆ పాటకు నాలుగవ చరణము కూడ కలదని ఆ సంఘమునకు ఆనాడే తెలిసెను.