ఉప్పు తక్కువైంది

ఆ ఉదయం నళిని వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త బాలకిషన్ నారాయణగూడలోని ఆఫీసుకు బయల్దేరేలోగా టమాటా పప్పు వండాలి. వండుతూ వీడియో తీయాలి. ఆయనకు డబ్బా కట్టి పంపాక దాన్ని తన పేజీలో పెట్టాలి. ఆ తర్వాత బట్టలు ఆరేయాలి. ఇందులోకి దయ్యం ఎక్కణ్ణుంచి దూరిందో ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పలేరు.

చిక్కడపల్లిలోని ఆ ఫ్లాటుకు వాళ్ళు అద్దెకు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. వంటింట్లో ఆకుపచ్చ కిటికీ, పొయ్యి వెనకాల పాతకాలపు గళ్ళ టైల్స్ చూసి ముచ్చటపడి నళిని "నళిని వంటిల్లు" అని పేజీ మొదలుపెట్టింది. చూసేవాళ్ళలో ఎక్కువమంది అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలు. హాస్టల్ పప్పులో పప్పు కోసం వెతికి అలసిపోయినవాళ్ళు నళిని పప్పును చూసి సేద తీరేవాళ్ళు. "అక్కా, చూస్తనే కడుపు నిండింది" అని రాసేవాళ్ళు. ఆ మాట చదివితే నళినికి కూడా కడుపు నిండేది.

ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. పప్పు బ్రహ్మాండంగా కుదిరింది. అప్పుడే ఫోను టింగుమంది.

"ఉప్పు తక్కువైంది."

వీడియోలో పప్పు కనిపిస్తుంది, పోపు వినిపిస్తుంది. ఉప్పు ఎలా తెలుస్తుంది? నళిని నవ్వుకుంది. నవ్వుకుంటూనే రెండో ముద్ద తిన్నది. ఏమో, కాస్త తక్కువగానే ఉన్నట్టు అనిపించింది. రాసినవాళ్ళ పేరు దగ్గర "దమయంతి" అని ఉంది. ఫొటో ఉండాల్సిన చోట నల్లటి చీకటి తప్ప ఇంకేమీ లేదు.

ఆ రోజు పప్పును మెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరి పేరూ ఆమెకు గుర్తులేదు. మనిషి బుద్ధే అంత, మెచ్చుకోలును తిని మరిచిపోతాం, వంకను మాత్రం సాయంత్రం దాకా నములుతూ కూర్చుంటాం.

మర్నాడు గోరుచిక్కుడు కూరలో ఉప్పు ఒక చిటికెడు ఎక్కువే వేసింది. సరిగ్గా భోజనాల వేళకు ఫోను టింగుమంది. "మళ్ల అదే. ఉప్పు లేదు." ఆ మర్నాడు బీరకాయలో ఇంకాస్త వేసింది. "అసలు ఉప్పు డబ్బా ఉన్నదా లేదా ఇంట్ల?" అన్నది దమయంతి. నళినికి పౌరుషం వచ్చింది. ఆ తర్వాతి రోజు సాయంత్రం బాలకిషన్ చొక్కా మీద నీళ్ళ మరకలతో ఇంటికి వచ్చాడు.

"నళినీ, ఏమైంది నీకు? పొద్దటి సంది నీళ్లు తాగుడే నా పని. ఆఫీసుల అందరు నాకు షుగర్ వచ్చిందంటున్నరు."

"మరి ఆమె తక్కువైందన్నది."

"ఎవరు?"

"దమయంతి."

"దమయంతి ఎవరు?"

అది నళినికి కూడా తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. ఆమె చేతికి ఉప్పు అందాజు పోయింది. పెళ్ళైన నాటి నుంచి చెంచా లేకుండా వేసే చెయ్యి ఇప్పుడు డబ్బా మీద ఆగిపోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళుతోంది. వండిన ప్రతిదాన్నీ రుచి చూసి, చూసిన రుచిని నమ్మలేక ఇంకోసారి చూసి, చివరికి నాలుక మొద్దుబారి కూర్చుంటోంది.

ఆ మర్నాడు ఆలుగడ్డ వేపుడు వీడియో పెట్టి కూర్చోగానే ఫోను మోగింది. ఈసారి ఉప్పు మాట లేదు.

"కిటికీ మూయి. గాలి కొడుతున్నది."

నళిని మెల్లగా తల తిప్పింది. వెనకాల ఆకుపచ్చ కిటికీ బార్లా తెరిచి ఉంది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆమె లేచి కిటికీ మూసింది. గడియ పెట్టి చెయ్యి తీసిందో లేదో, మళ్ళీ టింగుమంది.

"ఆ, ఇప్పుడు మంచిగున్నది."

నళిని ఫోను చేత పట్టుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురు ఫ్లాటులోని మంజుల దగ్గరికి పరుగెత్తింది. మంజుల ఆ బిల్డింగులో పాత కాపు. ఫోను చేతిలోకి తీసుకుని, పేరు చూసి, దాన్ని వేడి గిన్నెలా బల్ల మీద పెట్టేసింది.

"వదినా, ఈమె మీ ఇంట్లనే ఉండేది."

"ఎప్పుడు?"

"మీకంటె ముందు. దమయంతి ఆంటీ. ఏ ఇంటి నుంచి కూర పోయినా ఒక్క ముద్ద తిని 'ఉప్పు తక్కువైంది' అనేది. వేరే మాటే లేదు."

"ఇప్పుడెక్కడుంటది?"

మంజుల గొంతు తగ్గించింది. "పోయింది వదినా. పోయినేడు. మీ వంటింట్లనే, పొయ్యి కాడ నిలబడి ఉన్నదున్నట్టు పోయింది."

సాయంత్రం ఈ సంగతి విని బాలకిషన్ గట్టిగా నవ్వాడు. ఆమె ఫోను ఎవరి దగ్గరో ఉండి ఉంటుందన్నాడు. మంజుల ఒప్పుకోలేదు. "ఎవరి దగ్గరుంటది అన్నా? ఉంటే ఆంటీ భర్త కుమారస్వామి అంకుల్ దగ్గర్నే ఉండాలె. ఆయనకు ఫోను వస్తే ఎత్తుడే రాదు, తెలుగు రాసుడు ఎక్కడిది?" అన్నది. బాలకిషన్ ఇంకోసారి నవ్వాడు గాని ఆ రాత్రి మంచినీళ్ళకు వంటింట్లోకి నళినినే పంపాడు.

మర్నాడు పచ్చిపులుసు. నళిని కావాలనే దాన్ని సజ్జ మీద దొరికిన పాత కంచు గిన్నెలో కలిపింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఎవరో వదిలేసి వెళ్ళిన గిన్నె అది. చూడముచ్చటగా ఉంది కదా, ఆంటీ కాస్త మెత్తబడుతుందేమో అనుకుంది. భోజనాల వేళకు కామెంటు వచ్చింది.

"ఆ గిన్నె నాది. ఇటియ్యి."

నళిని కంచం ముందు నుంచి లేచి హాల్లో గోడకు ఆనుకుని నిలబడింది. గిన్నెను పైకెత్తి అడుగు చూసే ధైర్యం వచ్చేసరికి పచ్చిపులుసు మీద తెట్టె కట్టింది. గిన్నె అడుగున సన్నటి చుక్కలతో పేరు కొట్టి ఉంది. దమయంతి.

మంజుల చెడ్డది కాదు. ఆమె చేసిందల్లా ఆ కామెంట్లన్నీ ఫొటోలు తీసి, తమ అక్కకు ఒక్కతెకే పంపడం. అక్క ఒక్క గ్రూపులోనే పెట్టింది. రెండు రోజుల్లో నళిని పేజీ నిండిపోయింది. "చిక్కడపల్లిల దయ్యం వంట" అని ఎవరో సంగీతం పెట్టి వీడియో చేశారు. మొదట భయపడ్డవాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనకాల తిట్టేవాళ్ళు వచ్చారు. "వ్యూస్ కోసం సచ్చినోళ్లను కూడా వదుల్తలేదు." "దయ్యం ఎందుకు, ఈమె మొహం చాలదా?" "ఆ కూర తినే ఆంటీ పోయిందట." పప్పు చూసి కడుపు నింపుకున్న పిల్లల మాటలు ఎక్కడో అడుగున పడిపోయాయి.

నళిని అన్నీ చదివింది. చదవొద్దని బాలకిషన్ ఫోను దాచిపెడితే, ఆయన ఫోనులో చదివింది. పెరుగన్నంలో రెండుసార్లు ఉప్పు వేసింది, చాయ్‌లో ఒకసారి. అద్దంలో చూసుకుని "నిజంగనే నా మొహం గట్లుందా?" అని అడిగితే బాలకిషన్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు ఇంటి ఓనరు ఫోను చేశాడు.

"చూడమ్మా, నా ఫ్లాటుకు దయ్యం పేరు తెస్తే రేపు నాకు కిరాయికి ఎవరొస్తరు? ఆ పేజీ బంద్ చేస్తవా, ఇల్లు ఖాళీ చేస్తవా?"

నళిని పేజీయే మూసేద్దామనుకుంది. మూసేముందు ఆ గిన్నె మాత్రం దాని మనుషులకు చేర్చాలి. కుమారస్వామి ఇప్పుడు అశోక్‌నగర్‌లో కూతురు రమ్య దగ్గర ఉంటున్నాడని మంజుల చెప్పింది. ఒకరి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వడం నళిని ఇంటా వంటా లేదు. దయ్యం గిన్నె అయినా సరే. చివరిసారిగా పచ్చిపులుసు చేసి, చివరి వీడియో పెట్టి, గిన్నె నిండా పోసి మూత పెట్టుకుని ఆటో ఎక్కింది.

రమ్య ఉండేది కింద జిరాక్స్ దుకాణం, మధ్యలో స్టడీ హాలు ఉన్న ఇంట్లో పై అంతస్తు. మెట్ల మీద పట్టపగలే చీకటి. స్టడీ హాలు తలుపు తీసి ఉంది. లోపల వరసలు వరసలుగా పిల్లలు, ఒక్కరి నోటా మాట లేదు, కాగితం తిప్పిన చప్పుడు లేదు. నళిని చెప్పుల చప్పుడుకు ఒక్క తలా పైకి లేవలేదు. ఆమె గిన్నెను గుండెకు ఆనించుకుని మెట్లెక్కింది. పై అంతస్తు తలుపు ముందు నిలబడింది. కాలింగ్ బెల్ నొక్కాలని చెయ్యి ఎత్తింది. ఇంకా నొక్కలేదు.

ఫోను టింగుమంది.

"తలుపు కాడ ఎవరో నిలబడ్డరు."

గిన్నెలో పచ్చిపులుసు వణికింది. మళ్ళీ టింగుమంది.

"పచ్చిపులుసు వాసనొస్తున్నది. తలుపు తియ్యి."

తలుపు దానంతట అది తెరుచుకున్నట్టు తెరుచుకుంది. దాని వెనక రమ్య, చేతిలో గరిటెతో నిలబడి ఉంది. ఆమె వెనక కుర్చీలో తెల్ల బనీను వేసుకున్న ఒక పెద్దాయన. ఆయన ముందు కంచం, కంచం ముందు నీళ్ళ చెంబుకు ఆనించిన ఫోను. ఆ ఫోనులో నళిని పచ్చిపులుసు కలుపుతోంది.

"అరె!" అన్నాడు కుమారస్వామి ఫోను వైపు, తలుపు వైపు మార్చి మార్చి చూస్తూ. "ఈ బిడ్డ బయటికి ఎట్లొచ్చింది?"

ఆ క్షణంలో ఎవరు ఎవరిని చూసి ఎక్కువ భయపడ్డారో చెప్పడం కష్టం.

మంచినీళ్ళు తాగాక నళిని అడిగింది. "అంకుల్, మీరే రాసిన్రా? ఉప్పు తక్కువైందని, కిటికీ మూయమని..."

"నేనెక్కడ రాసిన బిడ్డా? నాకు రాసుడే రాదు. గిది దమయంతి ఫోను. నీ మాట చిన్నగ వినొస్తది, అందుకని ఈ మైకు బొమ్మ నొక్కుత, సౌండు పెద్దగైతదని. మళ్ల ఈ బాణం బొమ్మ నొక్కుత, బంద్ అయితదని."

రమ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. మైకు నొక్కితే ఆయన మాట్లాడింది మాట్లాడినట్టు ఫోను రాసుకుంటోంది. బాణం నొక్కితే అది నళిని పేజీకి పోతోంది. బీపీ ఎక్కువైందని డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు. ఆయన రోజూ చప్పిడి కూడు ముందు కూర్చుని కూతురిని తిడుతున్నాడు. ఉప్పు తక్కువైంది ఈ ఇంట్లో. గాలి కొట్టింది ఈ కిటికీలోంచి. గిన్నె లాక్కున్నది మనవడు.

"చప్పిడి తిండి గొంతు దిగదు బిడ్డా. నీ వీడియో నంజుకొని తింట," అన్నాడు కుమారస్వామి. ఫోను మీది మరక బనీనుతో తుడిచాడు. "అది దమయంతి వంటిల్లు. గా టైల్స్ ఆమె ఏరుకొచ్చి ఏపిచ్చింది. ఆడ పొయ్యి మండుతుంటే చూస్కుంట తింటే, ఇంట్ల మనిషి ఉన్నట్టుంటది."

నళిని తన పేజీ తీసి చూపించింది. "మరి కింద జనం రాసినయి చూడలేదా అంకుల్? నన్ను ఎన్ని మాటలన్నరో."

"కింద రాస్తరా?" పెద్దాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాకు కంటికి ఆనదు. నేను వంటిల్లు చూస్త."

తిరిగి వస్తూ ఆటోలో నళిని మొదటిసారి హాయిగా నవ్వింది. ఒక పెద్దాయన తన కంచంలో లేని ఉప్పు గురించి అరిస్తే, తన చేతి అందాజే పోగొట్టుకుంది. తిట్టిన మిగతా వందలమంది ఏ చప్పిడి కంచం ముందు కూర్చుని తిట్టారో ఎవరికి తెలుసు? పేజీ మూయలేదు. రమ్య ఓనరుకు ఫోను చేసి అసలు సంగతి చెప్పింది. "ఇది కూడా నాటకమే" అని రాసినవాళ్ళ మాటలను నళిని చదవలేదు, అవి ఆమె కంటికి కూడా ఆనడం మానేశాయి.

ఆ ఆదివారం కుమారస్వామిని, రమ్యను భోజనానికి పిలిచింది. పెద్దాయన వంటింట్లోకి వెళ్ళి గళ్ళ టైల్స్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉండిపోయాడు. ఎవరూ పిలవలేదు. ఆయన కోసం నళిని విడిగా చప్పిడి పప్పు వండింది, మిగతావాళ్ళకు మామూలు పప్పు. వీడియో పెట్టి, రమ్య వెంట తెచ్చిన కంచు గిన్నె మధ్యలో ఉంచి వడ్డించింది.

బాలకిషన్ ముద్ద కలుపుతుండగా బల్ల మీద ఫోను టింగుమంది. నళిని నవ్వుతూ చూసింది. నవ్వు సగంలో ఆగింది.

"ఉప్పు తక్కువైంది." దమయంతి.

"అంకుల్, మళ్ల మైకు నొక్కిన్రా?" అన్నాడు బాలకిషన్.

కుమారస్వామి ఖాళీ చేతులు చూపించాడు. రమ్య ముద్ద కంచంలో వదిలేసింది. "ఆ ఫోను ఇంట్ల బీరువాల ఉన్నదన్నా. పొద్దున నేనే స్విచ్ఛాఫ్ చేసి తాళమేసిన."

బాలకిషన్ ముద్ద నోట్లో పెట్టుకుని, మెల్లగా నమిలి, మింగాడు. చప్పిడి పప్పు గొడవలో పడి నళిని మామూలు పప్పులో ఉప్పు వెయ్యడమే మరిచిపోయింది.

"దమయంతి ఎన్నడు అబద్ధమాడలే," అన్నాడు కుమారస్వామి తృప్తిగా.

నళిని లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చింది.